డాట్ భారత్‌లో తెలుగు పేరు: సరిహద్దు జిల్లాల్లో పనికొస్తుందా?

మోటారు వైండింగ్, సోలార్ పంపులు, ఇన్వర్టర్లు, మొబైల్ బోర్డులు, చిన్న మిల్లుల కంట్రోల్ ప్యానెళ్లు. వీటి మీద ఒకరు అడిగితే పదిమంది జవాబు చెప్పుకునే వేదికను ఇంటర్నెట్‌లో పెట్టాలంటే ముందు దానికో పేరు కావాలి, ఆ పేరుతో చిరునామా కొనాలి. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగువాళ్లు ఈ పనికి దిగితే మూడు దారులు కనిపిస్తాయి: డాట్ కామ్, డాట్ ఇన్, పూర్తిగా తెలుగు లిపిలో ఉండే డాట్ భారత్. మూడింటిలో మనసు లాగేది డాట్ భారత్. పేరూ తెలుగే, తోకా తెలుగే. ఒడియా బోర్డుల మధ్య బతికేవాళ్లకు అలాంటి చిరునామా చూస్తే కలిగే ఆనందం చిన్నది కాదు. అయినా తీర్పు ముందే చెప్పేస్తాం: వీధి గుమ్మానికి డాట్ ఇన్ పెట్టుకోండి, పెరటి గుమ్మానికి డాట్ భారత్ పెట్టుకోండి. రెండూ కొనదగ్గవే, కానీ వాటి స్థానాలు తారుమారు కాకూడదు.

దీనికి మొదటి కారణం సాంకేతికం కాదు, బడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సు అయినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, కోరాపుట్ భాగాలు అందులో కలిశాయి. ఇళ్లలో తెలుగు నిలిచింది, చదువు ఒడియాలోకో ఇంగ్లీషులోకో మారింది. అందుకే తెలుగు గడగడా మాట్లాడి, పంపు ఎందుకు నీళ్లెత్తడం లేదో తెలుగులోనే విడమరిచి చెప్పగల కుర్రాడు తెలుగు అక్షరాల దగ్గర ఆగిపోవడం ఇక్కడ మామూలు. అతను వాట్సాప్‌లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాడు. పెద్దవాళ్లలో కొందరు తెలుగు చదువుతారు గానీ ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకోరు. తెలుగు లిపి చిరునామా ఒక్కటే పెడితే ఈ రెండు వర్గాలూ బయటే ఉండిపోతాయి. ప్రశ్నలు అడగాల్సింది, జవాబులు చెప్పాల్సింది కూడా వాళ్లే.

రెండో కారణం, ఇక్కడ పేరు నోటితో ప్రయాణిస్తుంది. షాపులో ఉన్న మెకానిక్ ఫోన్ చేసి "అక్కడ అడుగు, చెబుతారు" అంటాడు. అవతలివాడు విన్నది విన్నట్టు కొడతాడు. కాబట్టి ఏ పేరుకైనా మొదటి పరీక్ష ఫోన్‌లోనే పెట్టాలి. పదిమందిని ఎంచుకోండి: నలుగురు ఒడియా మీడియం చదివినవాళ్లు, ముగ్గురు తెలుగు చదవగలిగినవాళ్లు, ముగ్గురు ఇంగ్లీషో హిందీయో ఎక్కువ వాడేవాళ్లు. పేరును ఒక్కసారే పలకండి, అక్షరాలు విడదీసి చెప్పకండి, అర్థం వివరించకండి. కొట్టి పంపమనండి. ఎనిమిదిమంది ఒకేలా కొట్టకపోతే ఆ పేరు వదిలేయాలి. మిగతా సుగుణాలు ఎన్ని ఉన్నా ఈ లోపాన్ని పూడ్చలేవు.

అందరికీ ముందు తోచే పేర్లన్నీ దాదాపు ఈ పరీక్షలోనే పోతాయి. ఎలా పోతాయో చూస్తే మంచి పేరు ఎలా ఉండాలో దానంతట అదే తేలుతుంది.

"సమాధానం" తీసుకోండి. తెలుగువాడు చివర ఎమ్ పెడతాడు. ఒడియాలో ఆ మాట "సమాధాన", అక్కడ ఎమ్ ఉండదు. హిందీ అలవాటున్నవాడు చివరి ఏ కూడా తీసేస్తాడు. దీర్ఘాలకు రెండు ఏలు పెట్టేవాళ్లు, ఒకటే పెట్టేవాళ్లు, ధాకు హెచ్ పెట్టేవాళ్లు, పెట్టనివాళ్లు కలిస్తే ఒకే మాటకు డజనుకు పైగా రూపాలు. మహారాష్ట్రలో సిరొంచ, బల్లార్‌పూర్ వైపు మరాఠీ అలవాటైన పాఠకులకైతే ఆ మాట జవాబు కంటే ముందు సంతృప్తిని గుర్తుచేస్తుంది. "సందేహం" కథా ఇదే, చివరి ఎమ్ దగ్గర తెగుతుంది. "అనుమానం" మరీ ప్రమాదం: మనకు శంక, ఒడియాలో అంచనా.

"జవాబు"లో చిక్కు వ దగ్గర. ఒడియా నోటిలో వ చాలాచోట్ల బ అవుతుంది. విద్యుత్ "బిద్యుత్" అవుతుంది, జవాబు "జబాబ్" అవుతుంది. తెలుగువాళ్లలోనే వీ పెట్టేవాళ్లు కొందరు, డబ్ల్యూ పెట్టేవాళ్లు కొందరు. పేరులో వ ఉంటే మూడు అక్షరాల మధ్య జూదమే. త దీ అలాంటి తగువే. మనం తకు టీ హెచ్ రాస్తాం, ఒడియావాళ్లు ఉత్త టీ రాస్తారు. శ, ష, స ముగ్గురూ ఒడియా నోటిలో ఒకటే స. "ప్రశ్న"ను ఎస్‌తో రాయాలా, ఎస్ హెచ్‌తో రాయాలా అన్నది ఎవరూ ఊహించలేరు.

"అడగండి" మర్యాదగా ఉంటుంది, అందుకే చాలామంది దాని వైపు మొగ్గుతారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఒడియావాడి కళ్లతో ఒకసారి చదవండి. చివరి ఐదక్షరాలు హిందీలో మురికి అనే మాట, ఒడియాలో నలుగురిలో అనకూడని మాటకు అతి దగ్గర. బరంపురంలో ఆ బోర్డు కట్టలేం. "అడుగు" అంటే ఆ బాధ తప్పుతుంది గానీ వయసులో పెద్దయిన మేస్త్రిని ఏకవచనంలో పిలిచినట్టవుతుంది. "చెప్పు"ను కూడా పక్కన పెట్టాల్సిందే, కారణం వివరించనక్కర్లేదు.

"మన" అన్న ముందుమాట తెలుగు సైట్లకు ఎంతో ఇష్టం. సరిహద్దు దాటితే అదే నాలుగక్షరాలు ఒడియాలో మనసు అయినా కావచ్చు, వద్దని చెప్పే "మనా" అయినా కావచ్చు. "మన సలహా" అని కలిపి రాస్తే మధ్య ఖాళీ పోయి "మానస లహ" అని చదువుకునే అవకాశమూ ఉంది. మాటలు కలిసిపోయే ఈ ప్రమాదం కొత్తది కాదు. ఎక్స్‌పర్ట్స్ ఎక్స్చేంజ్ అనే పాత ప్రశ్నోత్తరాల సైటు రెండు మాటల హద్దు చెరిగి అసభ్యంగా చదువుతున్నారని తర్వాత మధ్యలో హైఫన్ పెట్టుకోవాల్సి వచ్చింది. హైఫన్ కంటికి సాయం చేస్తుంది, చెవికి చేయదు. ఫోన్‌లో దాన్ని గీత అని ఒకరు, డ్యాష్ అని ఒకరు, మైనస్ అని ఒకరు అంటారు. కొందరు అండర్‌స్కోర్ కొడతారు, వెబ్ చిరునామా పేరులో దానికి అసలు చోటే లేదు. అంకెలూ వద్దు. 2 అన్నది అంకెగా కొట్టాలో, మాటగా కొట్టాలో వినేవాడికి తెలియదు.

పనిముట్ల పేర్లు కూడా జల్లెడ పట్టాలి. "పానా" అంటే మనకూ మరాఠీవాళ్లకూ నట్లు బిగించేది. ఒడిశాలో ఆ అక్షరాలు చూడగానే పణా సంక్రాంతి పానకం గుర్తొస్తుంది. "పని" అయితే నీళ్లు. "చిక్కు" సపోటా పండు.

ఇంత జల్లెడ పట్టాక ఒక సంగతి స్పష్టమవుతుంది. ఈ సమీక్షలో మిగతావన్నీ మరిచిపోయినా దీన్ని గుర్తుంచుకోండి. తెలుగు మాటకు తెలుగు లిపిలో సాధారణంగా ఒకటే రాత ఉంటుంది, ఇంగ్లీషు లిపిలో పది ఉంటాయి. ఇంగ్లీషు నుంచి వచ్చిన పనిమాటకు తిరగేసి జరుగుతుంది: పెట్టె మీద అచ్చయిన మోటార్, మీటర్, పంప్, ఫ్యూజ్ స్పెల్లింగు చదువు రానివాడికి కూడా కంటికి తెలుసు, కానీ తెలుగు లిపిలో మోటారు, మోటార్, మోటరు అని మూడు రకాలు. రెండు చిరునామాలకూ ఒకే పేరు ఉండాలి కాబట్టి రెండు లిపుల్లోనూ ఒకే రాత ఉన్న మాట వెతకాలి. దీర్ఘాలు ఉండకూడదు. త, థ, వ, శ, ష ఉండకూడదు. చివర సున్న ఉండకూడదు. ఒత్తులు తక్కువగా ఉండాలి. మూడు నాలుగు అక్షరాలకు మించకపోతే మేలు.

ఉదాహరణకు "కిటుకు" అన్న మాట ఈ షరతులన్నీ తీరుస్తుంది. మూడూ హ్రస్వాలే. ట కు ఉత్త టీ తప్ప ఇంకేమీ తోచదు. ఎవరు విన్నా కె, ఐ, టీ, యు, కె, యు అనే కొడతారు. తెలుగులోనూ ఒకే రూపం. అర్థం కూడా చక్కగా కుదిరింది, ఎందుకంటే పనివాడు మరో పనివాడిని అడిగేది ఆ కిటుకే. ఈ పేరు ఖాళీగా ఉందని చెప్పడం లేదు, కొనమనీ అనడం లేదు. ఎలాంటి మాట నిలుస్తుందో చూపించడానికే దీన్ని ఎత్తుకున్నాం. మీకు తట్టిన మాటను ఇదే వరుసలో పరీక్షించండి, దానికి ఒడియాలో మరో అర్థం ఉందేమో కనీసం ఇద్దరు ఒడియావాళ్లను అడగండి.

పేరు ఎంత విశాలంగా ఉండాలన్నది తర్వాతి ప్రశ్న. ప్రపంచంలో అందరికన్నా పేరున్న ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో మొదలైంది. ఆ పేరును స్థాపకుల్లో ఒకరైన జెఫ్ అట్‌వుడ్ తన బ్లాగు పాఠకులతో ఓటింగు పెట్టించి ఖాయం చేశారు. అది ప్రోగ్రామర్లకు రోజూ ఎదురయ్యే ఒక లోపం పేరు, బయటివాళ్లకు ఏమీ కాదు. మరుసటి ఏడాది సర్వర్లు చూసుకునేవాళ్ల కోసం సర్వర్ ఫాల్ట్ వచ్చింది. పని తెలిసినవాడు పేరు వినగానే "ఇది నా చోటు" అనుకోవాలన్నది అందులోని తెలివి. దాన్ని మనం అప్పు తెచ్చుకోవచ్చు. ట్రిప్, షార్ట్, ఎయిర్ లాక్ లాంటి మాటలు మన మెకానిక్‌లకూ అలాంటివే, కాకపోతే ట్రిప్ అంటే ఊరి ప్రయాణం, షార్ట్ అంటే చిన్న వీడియో అయిపోయాయి. ఎయిర్ లాక్ ఒకటి చెడిపోకుండా మిగిలింది గానీ అది పంపులవాళ్లకే పరిమితం.

అయితే అదే కుటుంబం 2010లో దారి మార్చింది. ప్రతి కొత్త విషయానికీ కొత్త పేరు వెతకడం మాని, స్టాక్ ఎక్స్చేంజ్ అన్న ఒకే పేరు ముందు విషయం తగిలించడం మొదలుపెట్టింది: గణితం సైటుకైతే దాని ముందు గణితం అని, వంట సైటుకైతే వంట అని. చిన్న ఊళ్లకు ఈ రెండో పద్ధతే సరైనది. పంపు అన్న మాటను పేరులో పెట్టి మొదలుపెడితే రేపు ఇన్వర్టర్ ప్రశ్న అడగాలనుకున్నవాడు గుమ్మం దగ్గరే వెనక్కి తిరుగుతాడు. సునాబెడ, దమన్‌జోడి ఫ్యాక్టరీ కాలనీల్లో పెద్ద యంత్రాల మీద పనిచేసినవాళ్లు ఉన్నారు, బరంపురం ప్రభుత్వ ఐటీఐ నుంచి ఏటా కుర్రాళ్లు వస్తారు. వీళ్లందరికీ చోటు ఉండాలంటే గొడుగు పేరు ఒకటి కొని, దాని ముందు మోటార్, సోలార్, మొబైల్ అని విభాగాలు పెట్టుకోవాలి. పేరుకు ముందు తగిలించే ఈ విభాగాలకు అదనంగా డబ్బు కట్టనక్కర్లేదు, పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో రాసిపెట్టే డీఎన్ఎస్ ప్యానెల్‌లో ఒక్కో వరుస చేరిస్తే చాలు.

ఇక డాట్ భారత్ సంగతి. డాట్ ఇన్‌ను నడిపే నిక్సీ అనే భారతీయ సంస్థే దీన్నీ నడుపుతుంది. కొంతకాలం కిందట డాట్ ఇన్ కొన్నవాళ్లకు భారతీయ భాషలో ఒక పేరును ఉచితంగా ఇచ్చే పథకం కూడా పెట్టింది. ఈ పేర్లు అమ్మే సంస్థలు, అంటే రిజిస్ట్రార్లు, తక్కువ. కొనేముందు వాళ్ల వెతుకులాట పెట్టెలో తెలుగు పేరు నేరుగా కొట్టి చూడండి. అర్థం కానట్టు ఎర్రగా చూపిస్తే ఆ రిజిస్ట్రార్ దగ్గర తర్వాత కూడా అడుగడుగునా ఇబ్బందే.

ఇంటర్నెట్ లోపలి యంత్రాంగానికి తెలుగు అక్షరాలు తెలియవు. మీరు కొన్న తెలుగు పేరు లోపల ఎక్స్, ఎన్, రెండు హైఫన్లతో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల వరుసగా మారుతుంది. దీన్ని ప్యూనీకోడ్ అంటారు. తెలుగు "భారత్" అన్న తోక అసలు రూపం "ఎక్స్‌ఎన్--ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ". పేరు కూడా ఇలాగే మారి 63 అక్షరాల లోపల ఇమడాలి. కంటికి రెండక్షరాలుగా కనిపించే "ప్రశ్న" లోపల ఆరు గుర్తులు, "ప్రశ్నోత్తరాలు" పద్నాలుగు. చాలా హోస్టింగ్ ప్యానెళ్లు తెలుగు రూపాన్ని ఒప్పుకోవు, ప్యూనీకోడ్ రూపాన్నే అడుగుతాయి. దాన్ని చేత్తో కొట్టకండి, ఒక్క అక్షరం తేడా పడినా అది వేరే పేరు. రిజిస్ట్రార్ చూపించిన రూపాన్ని కాపీ చేసి ఒక చోట దాచుకోండి.

తెలుగు టైపింగులో కంటికి కనిపించని ఒక గుర్తు ఉంది. "సాఫ్ట్‌వేర్" అన్నప్పుడు టకారపు పొల్లు కింద వ ఒత్తుగా పడకుండా విడిగా నిలబెట్టేది అదే. వెబ్ పేర్ల నియమాల్లో ఆ గుర్తుకు షరతులున్నాయి, చాలాచోట్ల దాన్ని రానివ్వరు. ఎక్కడైనా రానిచ్చినా, ఒకరి కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకొకరిది పెట్టదు. కంటికి తేడా సరిగా తెలియకుండానే రెండు వేర్వేరు చిరునామాలవుతాయి. కాబట్టి ఆ గుర్తు అవసరమయ్యే ఇంగ్లీషు మాటలను డాట్ భారత్ పేరులో పెట్టవద్దు. తెలుగులోనే రెండు రాతలున్న మాటలూ వద్దు: మరమ్మతు, మరమ్మత్తు రెండూ వాడుకలో ఉన్నాయి, ఒకటి కొంటే రెండోదాని కోసం వచ్చినవాడు దారి తప్పుతాడు. ఒకే పేరులో తెలుగు, ఇంగ్లీషు అక్షరాలు కలపడం మరీ తప్పు. లిపులు కలిస్తే మోసపు చిరునామా అన్న అనుమానంతో బ్రౌజర్లు తెలుగు రూపం దాచి ప్యూనీకోడ్ చూపిస్తాయి.

బాగా పనిచేసేవి కూడా చెప్పాలి. పూర్తిగా తెలుగులో ఉన్న పేరును ఇప్పటి ఫోన్ బ్రౌజర్లు చాలావరకు తెలుగులోనే చూపిస్తాయి. భద్రతా సర్టిఫికెట్‌కు ఇబ్బంది లేదు, వాటిని జారీచేసే సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2016 నుంచి ఇలాంటి పేర్లకు ఉచితంగానే ఇస్తోంది. బోర్డు మీద, పాంప్లెట్ మీద తెలుగు చదివేవాళ్లను ఆ చిరునామా వెంటనే పట్టుకుంటుంది. ఈ మాత్రానికే ఏడాదికి దానికయ్యే ఖర్చు పెట్టొచ్చని మా అభిప్రాయం.

పనిచేయనిది ఈమెయిల్. తెలుగు లిపి చిరునామాల మెయిల్‌కు ప్రమాణం 2012లోనే వచ్చింది, జీమెయిల్ 2014లో అలాంటి చిరునామాలకు పంపడం, వాటి నుంచి అందుకోవడం మొదలుపెట్టింది. కానీ దారిలో ఉన్న ప్రతి సర్వరూ ఒప్పుకుంటేనే ఉత్తరం చేరుతుంది, సైట్లలో ఈమెయిల్ గడులు ఇప్పటికీ చాలావరకు తెలుగును తప్పుగా లెక్కేస్తాయి. ప్రశ్నోత్తరాల వేదిక బతికేదే "మీ ప్రశ్నకు జవాబొచ్చింది" అన్న మెయిల్ మీద. కాబట్టి వేదిక పంపే మెయిళ్లన్నీ డాట్ ఇన్ నుంచే వెళ్లాలి. వాటికి, మెయిల్ నిజంగా మీదేనని చూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్ వరుసలు డీఎన్ఎస్‌లో పెట్టడం మరవకండి. జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి వీటి విషయంలో గట్టిగా ఉంది, లేకపోతే ఖాతా తెరిచేటప్పుడు వచ్చే ఓటీపీ కూడా స్పామ్‌లో పడుతుంది.

లింకు పంచుకోవడం దగ్గర ఇంకో చిక్కు. తెలుగు చిరునామాను మెసేజిలో ఉత్తగా రాస్తే చాలాచోట్ల నీలిరంగు లింకుగా మారదు. బ్రౌజర్ నుంచి కాపీ చేస్తే ప్యూనీకోడ్ రూపం వచ్చి, అవతలివాడికి వైరస్ లింకులా కనిపిస్తుంది. ప్రశ్నల శీర్షికలకూ ఈ తిప్పలు ఉన్నాయి. శీర్షికను తెలుగులోనే లింకులో పెట్టే సాఫ్ట్‌వేర్ అయితే కాపీ చేసినప్పుడు ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది అక్షరాలవుతుంది, "ప్రశ్న" ఒక్కటే 54 అక్షరాలు. సెట్టింగుల్లో శీర్షిక తీసేసి ప్రశ్న సంఖ్యతో లింకు వచ్చేలా పెట్టుకోండి.

తెలుగు డాట్ భారత్ కొంటే ఒడియా లిపి భారత్‌లోనో దేవనాగరి భారత్‌లోనో అదే పేరు మీకు రాదు. ఒక్కో లిపికి ఒక్కో తోక, ఒక్కో కొనుగోలు. ఒడియా అక్షరాల్లో తెలుగు రాసుకునే పాఠకుల కోసం ఒడియా రూపం కూడా కొనాలనిపించవచ్చు. అప్పుడు ఒక్క జాగ్రత్త: ఒడియా లిపిలో ఎ, ఏలకు, ఒ, ఓలకు వేర్వేరు అక్షరాలు లేవు. ఆ తేడా మీద నడిచే తెలుగు పేరు అక్కడ కుంటుతుంది.

డాట్ కామ్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మంచి చిన్న పేర్లు చాలావరకు పోయాయి, మిగిలినవాటికి అమ్మకందారులు వేలల్లో అడుగుతారు. మీ పేరు మామూలు ధరకే ఖాళీగా దొరికితే తీసుకుని డాట్ ఇన్‌కు మళ్లించండి, దొరకకపోతే బాధపడనక్కర్లేదు. డాట్ ఇన్ 2005 నుంచి అందరికీ తెరిచే ఉంది, మన జనానికి బాగా అలవాటైంది. డాట్ కో డాట్ ఇన్ మాత్రం ప్రధాన చిరునామాగా వద్దు. ఫోన్‌లో చెప్పినప్పుడు సగం మంది కో వదిలేస్తారు, ఉత్త డాట్ ఇన్ వేరేవాళ్లదైతే మీ పాఠకులు వాళ్ల ఇంటికి వెళతారు.

కొనేటప్పుడు ఎక్కువగా జరిగే నష్టం పేరులో కాదు, యజమాని గడిలో ఉంటుంది. సైటు కట్టిచ్చే కుర్రాడు తన ఖాతాలో, తన ఈమెయిల్‌తో కొనేస్తాడు. రెండేళ్లకు అతను హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్లిపోతే రెన్యువల్ మెసేజి ఎవరికీ అందదు. రిజిస్ట్రెంట్, అంటే యజమాని, గడిలో మీ పేరో మీ సంఘం పేరో, మీ ఫోనూ, మీ ఈమెయిలూ ఉండాలి. ఆ ఈమెయిల్ కొన్న పేరు మీదే ఉన్నది కాకూడదు, పేరు ఆగిపోతే దానితోపాటు మెయిలూ ఆగి, తిరిగి తెచ్చుకునే దారి మూసుకుపోతుంది. ఖాతా పాస్‌వర్డు ఇద్దరి దగ్గర ఉండాలి. గుర్తింపు కార్డులో ఉన్నట్టే పేరు, చిరునామా రాయండి, తర్వాత పత్రాలు అడిగితే తేడా రాదు.

ధర చూసేటప్పుడు మొదటి ఏడాది తగ్గింపును పట్టించుకోకుండా రెన్యువల్ ధర చూడండి, దానికి 18 శాతం జీఎస్టీ కలపండి. డాట్ ఇన్‌ను ఒకేసారి 10 ఏళ్ల వరకు తీసుకోవచ్చు. 3 నుంచి 5 ఏళ్లు కట్టడం మంచిది. కార్డు ఆటో రెన్యువల్‌ను నమ్మి వదిలేయొద్దు, కార్డు గడువు తీరినా బ్యాంకు అనుమతి ఆగినా అది చడీచప్పుడు లేకుండా విఫలమవుతుంది. డాట్ కామ్ కొంటే 15 రోజుల్లోపు ఈమెయిల్ ధ్రువీకరణ లింకు నొక్కాలి, నొక్కకపోతే సైటు ఆగిపోతుంది. కొన్న కొత్తలో 60 రోజుల వరకు వేరే రిజిస్ట్రార్‌కు మార్చనివ్వరు, కాబట్టి రిజిస్ట్రార్‌ను మొదటే చూసి ఎంచుకోండి.

డబ్బు కట్టేముందు ట్రేడ్‌మార్కు వెతకడం అరగంట పని. ట్రేడ్‌మార్కులు నమోదు చేసే ప్రభుత్వ ఐపీ ఇండియా సైటులో ఉచితంగా చూడొచ్చు. మాట ప్రకారం ఒకసారి, ఉచ్చారణ ప్రకారం ఒకసారి వెతకండి. సరుకులు, సేవల రకాన్ని బట్టి చేసిన తరగతుల్లో 9, 38, 41, 42 చూస్తే మనకు సరిపోతుంది. మీ పేరుకే రక్షణ కావాలనుకుంటే ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి 4500 రూపాయలు, మిగతావాళ్లకు 9000. అది 10 ఏళ్లు నిలుస్తుంది. సరుకును ఉన్నదున్నట్టు చెప్పే "మోటార్ రిపేర్" లాంటి మాటకు రిజిస్ట్రేషన్ దొరకడం కష్టం. పంపుల కంపెనీ పేరునో ఫోన్ కంపెనీ పేరునో మీ పేరులో అతికించవద్దు. డాట్ ఇన్ పేర్ల మీద తగాదాలు మధ్యవర్తి దగ్గరకు వెళతాయి, అక్కడ ఓడితే పోగుచేసుకున్న పాఠకులతో సహా పేరు పోతుంది.

రెండు చిరునామాలను కలిపేటప్పుడు డాట్ భారత్‌కు వచ్చినవాళ్లను శాశ్వతంగా, అంటే 301 పద్ధతిలో, డాట్ ఇన్‌కు మళ్లించండి. రెండు చోట్లా ఒకే సైటు విడివిడిగా నడిపితే ఏది అసలుదో గూగుల్ తనకు తోచినట్టు తేల్చుకుంటుంది, లాగిన్ కూడా ఒకచోట చేసినది ఇంకోచోట పనిచేయదు. ఇక్కడ అందరూ పొరబడేది సర్టిఫికెట్ దగ్గర. మళ్లించడానికి మాత్రమే వాడుతున్నా డాట్ భారత్ పేరుకు దాని సొంత సర్టిఫికెట్ ఉండాలి, లేకపోతే మళ్లింపు జరగకముందే బ్రౌజర్ ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది. ముందు మూడు డబ్ల్యూలు ఉన్న రూపం, లేని రూపం, రెండు పేర్లకూ కలిపి నాలుగు. నాలుగూ ఫోన్‌లో కొట్టి చూడండి. రిజిస్ట్రార్లు ఇచ్చే ఉచిత ఫార్వార్డింగు చాలాసార్లు ఈ సర్టిఫికెట్ దగ్గరే తప్పుతుంది, అలాంటప్పుడు మళ్లింపును మీ సర్వర్ మీదే పెట్టుకోవాలి.

బోర్డులు, కార్డుల మీద డాట్ ఇన్ రూపాన్ని పెద్దగా రాయించండి. రెండు మాటల పేరైతే ఒక్కో మాట మొదటి అక్షరం పెద్దబడిలో (క్యాపిటల్‌లో) ఉండాలి. వెబ్ చిరునామాకు పెద్దబడి, చిన్నబడి తేడా లేదు కాబట్టి నష్టం రాదు, మాటల హద్దు మాత్రం కంటికి తెలుస్తుంది. క్యూఆర్ కోడ్‌లో కూడా డాట్ ఇన్‌నే పెట్టండి, కార్డు మీద అది 2 సెంటీమీటర్లకు తగ్గకూడదు. కింద తెలుగులో డాట్ భారత్ రూపం రాయించేటప్పుడు పెయింటర్ పక్కన నిలబడి "భారత్" చివరి పొల్లు పడిందో లేదో చూసుకోండి. "భారత" అని రాస్తే అలాంటి తోక తెలుగులో లేదు, కొట్టినవాడికి సైటు దొరకదు.